కంట్రోల్ లేని గగనతలంలో స్క్వాక్ కోడ్ ఎలా వాడాలి

"కోడ్ ఇచ్చారు కదా సార్, ఇక వాళ్లే చూసుకుంటారు." విమానం నడపడం నేర్పేటప్పుడు నేను తరచూ వినే మాట ఇది, విన్న ప్రతిసారీ భయమేస్తుంది. స్క్వాక్ కోడ్ అంటే ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్ పలకరిస్తే జవాబు పంపే పరికరం) పెట్టే నాలుగంకెల సంఖ్య, దాంతోనే కంట్రోలర్ తన స్క్రీన్ మీద మీ విమానాన్ని పోల్చుకుంటారు. క్లాస్ జి గగనతలంలో, అంటే కంట్రోల్ లేని చోట, మీకూ పక్క విమానానికీ మధ్య దూరం ఉంచే బాధ్యత కంట్రోలర్‌ది కాదు. తీరికుంటే ఫలానా దిక్కున ట్రాఫిక్ ఉందని చెబుతారు. చూసి తప్పుకోవాల్సింది మీరే.

ఎవరూ కోడ్ ఇవ్వనప్పుడు ఆ దేశంలో వీఎఫ్ఆర్ (కళ్లతో బయటికి చూస్తూ నడిపే) విమానాలకు పెట్టిన కోడ్ వాడండి. అమెరికాలో అది 1200, యూరప్‌లో చాలా చోట్ల 7000. ట్రాన్స్‌పాండర్ నాబ్‌ను 'ఆల్ట్' (ఎత్తు కూడా పంపే స్థానం) దాకా తిప్పండి. 'ఆన్' దగ్గరే ఆపితే కోడ్ వెళ్తుంది గానీ ఎత్తు వెళ్లదు. అప్పుడు ఎదురొచ్చే విమానంలోని టీకాస్ (ఢీకొనే ముప్పును హెచ్చరించే పరికరం) మీరున్నారని హెచ్చరిస్తుంది తప్ప, పైకి వెళ్లాలో కిందికి దిగాలో పైలట్‌కు చెప్పలేదు. టీకాస్ మీ ట్రాన్స్‌పాండర్‌నే నేరుగా పలకరిస్తుంది కాబట్టి, రాడార్ అందని చోట కూడా దాన్ని ఆపొద్దు.

కంట్రోలర్‌ను పిలిచే ముందు కాసేపు వినండి. తర్వాత కాల్‌సైన్ (రేడియోలో మీ విమానాన్ని పిలిచే పేరు), ఎక్కడున్నారు, ఎంత ఎత్తు, ఏం కావాలి, అంతే. "స్క్వాక్ 4271" అని కంట్రోలర్ చెబితే అంకెలు ఒక్కొక్కటిగా తిరిగి చెప్పి, ఆపైన పెట్టండి. కోడ్‌లో 0 నుంచి 7 వరకే అంకెలు ఉంటాయి. ఎనిమిదో తొమ్మిదో వినిపిస్తే తప్పు విన్నట్టే, మళ్లీ అడగండి.

నాబ్‌లు తిప్పే పాత పరికరాల్లో వరుస ముఖ్యం. 4700 నుంచి 7310కి మారుతూ మొదటి అంకె ముందు తిప్పారనుకోండి, మధ్యలో 7700 పడుతుంది, అది ఎమర్జెన్సీ కోడ్. రెండో అంకె ముందు మార్చండి: 4300, 7300, 7310. 7500 (హైజాక్), 7600 (రేడియో పోయింది) విషయంలోనూ ఇదే జాగ్రత్త.

అడిగితేనే ఐడెంట్ (స్క్రీన్ మీద మీ చుక్కను ప్రత్యేకంగా చూపించే బటన్) నొక్కండి. "ఐడెంటిఫైడ్" అనో "రాడార్ కాంటాక్ట్" అనో వినేదాకా స్క్రీన్ మీది చుక్క మీరేనని వాళ్లు పోల్చుకున్నట్టు కాదు. పోల్చుకున్నా, అది కంట్రోల్డ్ గగనతలంలోకి అనుమతి కాదు. దానికి కావాల్సిన మాట విడిగా రావాలి, రాకపోతే సరిహద్దు బయటే తిరగండి.

మీ ఎత్తు తేడాగా కనిపిస్తోందని కంట్రోలర్ అంటే చాలామంది టెన్షన్‌తో ఆల్టీమీటర్ (ఎత్తు చూపే మీటర్) పీడనం సెట్టింగ్ మార్చేస్తారు. దానివల్ల ట్రాన్స్‌పాండర్ పంపే అంకె మారదు, అది ఎప్పుడూ ప్రామాణిక గాలి పీడనం 1013.25 హెక్టోపాస్కల్స్ ఆధారంగానే వెళ్తుంది. సెట్టింగ్ సరిచూసుకుని, మీకు కనిపిస్తున్న ఎత్తు చెప్పండి.

టవర్ లేని చోట నుంచి ఐఎఫ్ఆర్‌లో (పరికరాల ఆధారంగా నడిపే పద్ధతి) బయల్దేరితే క్లియరెన్స్‌తో (కంట్రోలర్ ఇచ్చే అనుమతి) పాటే కోడ్ వస్తుంది. అమెరికాలో దానికి వాయిడ్ టైమ్ (ఆ అనుమతి చెల్లే గడువు) కూడా చెబుతుంటారు. ఆలోగా లేవలేకపోతే ఆ సంగతి వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 30 నిమిషాల్లోపు చెప్పాలి. మీ కోసం అక్కడి గగనతలం ఖాళీగా ఉంచి, మిగతా విమానాలను ఆపి ఉంటారు.

కంట్రోలర్‌తో మాట్లాడుతుండగా ఇబ్బంది వస్తే ముందు నోటితో చెప్పండి, వాళ్లిచ్చిన కోడ్ అలాగే ఉంచండి. మార్చమంటే మార్చండి. ఎవరూ పలకకపోతే వెంటనే 7700.

కంట్రోలర్ రాడార్ సర్వీస్ ముగిసిందని చెప్పి వీఎఫ్ఆర్ కోడ్ పెట్టమంటే, అప్పుడే 1200 లేదా 7000కి మారండి, ఎందుకంటే మీ పాత కోడ్‌ను ఇంకొకరికి ఇస్తారు. తర్వాత దిగబోయే చోటి ఫ్రీక్వెన్సీకి మారి, సుమారు 10 మైళ్ల నుంచే మీ స్థానం చెబుతూ రండి.