మూలిగేది బేరింగు, తప్పు రబ్బరుది: స్టెర్న్‌డ్రైవ్ సమస్యలు - పరిష్కారాలు

కృష్ణపట్నం నుంచి జువ్వలదిన్నె దాకా ఒడ్డున లాగిపెట్టిన వేట పడవల్లో వెతికినా ఈ డ్రైవ్ కనబడదు. మన ఫైబరు బోట్లకు వెనక తగిలించే అవుట్‌బోర్డు, పెద్దవాటికి లోపల డీజిలింజను, అంతే. స్టెర్న్‌డ్రైవ్ రెంటికీ మధ్యరకం. ఇంజను కారులో మాదిరి బోటు లోపల ఉంటుంది. గేర్లూ, మనవాళ్ళు ఫ్యాను అనే ప్రొపెల్లరూ బయట వేలాడతాయి. 1959లో వోల్వో పెంటా ‘ఆక్వామాటిక్’ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి ఆ కంపెనీవీ, మెర్‌క్రూజర్‌వీ. మన దగ్గర షికారు స్పీడు బోటు ఎవరైనా కొంటే దాంతోపాటు వస్తుంది. వచ్చిన రెండు మూడేళ్ళకు మోత మొదలవుతుంది.

ఇంజను నుంచి డ్రైవులోకి పోయే ఇరుసు, బోటు వెనక పలకలో ఉన్న కంతలోంచి బయటికొస్తుంది. ఆ కంతకూ ఉప్పునీళ్ళకూ మధ్య అడ్డం ఒక్క మడతల రబ్బరు గొట్టమే. దాని పేరు బెలోస్. కారు యాక్సిల్ మీది రబ్బరు బూటుకు పెద్దన్న అనుకోండి. దాని లోపల లారీ ప్రొపెల్లర్ షాఫ్టుకు ఉన్నట్టే క్రాస్‌లు ఉంటాయి. ఇంకొంచెం లోపల, ఇరుసును మోసే గింబల్ బేరింగు. బూటు చినిగితే యాక్సిల్ ఏమవుతుందో కారున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఇక్కడ దుమ్ము బదులు ఉప్పునీళ్ళు.

సమస్య: వెనక గుర్రుమని మోత

ముందు బోటు నీళ్ళలో ఉండగానే, న్యూట్రల్‌లో, ఐడిల్‌లో పెట్టి వినండి. గేరు వేయకపోయినా ఇంజను తిరుగుతున్నంతసేపూ ఆ ఇరుసు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి బేరింగు పోతే అప్పుడే తెలిసిపోతుంది. మర రాయి తిరుగుతున్నట్టు ఒకే తీరు మోత ఇంజను వేగంతోపాటు పెరిగితే గింబల్ బేరింగును అనుమానించండి. స్టీరింగు ఒక పక్కకు తిప్పినప్పుడో, డ్రైవు పైకి లేపినప్పుడో మాత్రమే టకటక మంటుంటే క్రాస్‌లు. రెండూ వినిపిస్తే రెండూ పోయినట్టే, బేరం లేదు.

గట్టుమీద ట్రైలరులో పెట్టి వినాలంటే నీళ్ళ పైపు తగిలించకుండా స్టార్టు చేయొద్దు. మెర్‌క్రూజర్‌లో ఆల్ఫా అనే రకం డ్రైవుల్లో నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లరు డ్రైవులోనే ఉంటుంది. పొడిగా తిప్పితే కాసేపట్లోనే మాడిపోతుంది. మోత వెతకబోయి ఇంకో ఖర్చు తెచ్చుకున్నట్టవుతుంది.

సమస్య: బోటు అడుగున నీళ్ళు చేరుతున్నాయి

కారణాలు చాలా ఉండొచ్చు. మన వైపు మొదటి పరీక్ష నాలుకతోనే చేస్తాను. అడుగున చేరిన నీళ్ళలో వేలు ముంచి కాస్త రుచి చూడండి, ఆయిలు తేలకపోతేనే సుమా. చప్పగా ఉంటే వాన నీళ్ళు, ఉప్పగా ఉంటే కిందనుంచి వచ్చినవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు కుమ్మేస్తాయి గదా, సగం ‘లీకులు’ పైన పట్టా చిరిగినందువల్లే. అయితే ఆ రోజుల్లో కండలేరు ఏటి నీళ్ళే చప్పబడిపోతే ఈ పరీక్ష పనికిరాదు.

ఉప్పగా ఉంటే అడుగంతా గుడ్డతో పొడిగా తుడిచి, ఇంజను ఆపి, టార్చి వేసుకుని వెనక పలక దగ్గర పావుగంట కూర్చోండి. ఇంజను ఆపి ఉన్నా గింబల్ బేరింగు ఇవతలి వైపునుంచి నీళ్ళు జారుతుంటే పెద్ద బెలోస్ పోయింది. గేరు కేబుల్ వచ్చే కంత దగ్గర చెమ్మ ఉంటే దాని చిన్న బెలోస్. ఇది బొటనవేలంత ఉంటుందని జనం పట్టించుకోరు గానీ, కట్టేసిన బోటును రాత్రికి రాత్రి ముంచడానికి అది చాలు. ఇంజను తిరిగేటప్పుడే నీళ్ళొస్తే బెలోస్ వదిలేసి కూలింగు గొట్టాల జోలికి పొండి. పొగ పోయే మూడో బెలోస్ చినిగితే మోత, పొగ వాసన పెరుగుతాయే తప్ప సాధారణంగా బోటు మునగదు.

కారణం ఎక్కడుందో బెలోస్ కడుపులోనే రాసి ఉంటుంది

డ్రైవు ఊడదీయగానే తుడవొద్దు. కంగారుపడి అంతా కడిగేస్తే సాక్ష్యం పోతుంది. బెలోస్‌లో తుప్పు రంగు నీళ్ళుంటే రబ్బరు కారింది. గేరాయిలు ఉంటే రబ్బరు బాగానే ఉంది, డ్రైవు పై భాగంలో ఇరుసు దగ్గరి ఆయిల్ సీలు పోయింది. ఉత్త గ్రీజు ముద్దలు చిమ్మి ఉంటే ఎవరో గ్రీజు గన్ను అతిగా కొట్టారు.

ఒకాయన బోటు నా దగ్గరికి వచ్చేసరికి ఏడాదిలో రెండు బేరింగులు మార్చి ఉన్నారు, వేరే చోట. “అన్నా, ఈసారి మంచి బేరింగు వెయ్” అన్నాడు. బెలోస్ చూస్తే పైకి కొత్తదానిలా నిగనిగలాడుతోంది. షెడ్డు తలుపులు మూయించి, బల్బు లోపల పెట్టి, ఒక్కో మడతా సాగదీసుకుంటూ వస్తే, అడుగు వైపు మూడో మడత లోయలో సూది మొనంత వెలుతురు కనిపించింది. దాని పక్కనే బియ్యపుగింజంత గుల్ల అంటుకుని ఉంది. డ్రైవు లేపినప్పుడల్లా ఆ గుల్ల అంచు రబ్బరులో దిగబడేది. మా కుర్రాడు బేరింగును తిడుతుంటే, “అది ఏం చేసిందబ్బయ్యా, ఉప్పునీళ్ళలో నానబెడితే నువ్వైనా మూలుగుతావు” అన్నాను.

అందుకే బెలోస్ చూడకుండా బేరింగు ఒక్కటే మార్చమంటే నేను ఒప్పుకోను. బెలోస్ మారుస్తూ బేరింగును వేలితో తిప్పి చూసి, గరుకు తగలకపోతే ఉంచేయడం మాత్రం తప్పుకాదు.

పరిష్కారం

ఆల్ఫా డ్రైవు ఊడదీసేముందు గేరు ఫార్వర్డ్‌లో పెట్టాలి, మెర్‌క్రూజర్‌లోనే బ్రావో రకం అయితే న్యూట్రల్‌లో. డ్రైవును లేపి దించే ట్రిమ్ సిలిండర్ల వెనక పిన్నులు తీసి, ఆరు నట్లు విప్పి, వెనక్కి లాగితే డ్రైవు వస్తుంది. బరువైనది, చైన్ పుల్లీకి కట్టుకోండి. నట్లు ఉప్పుకు పట్టేసి ఉంటే ముందు రోజే తుప్పు వదిలే ఆయిలు కొట్టి ఉంచాలి. డ్రైవు వచ్చి కూర్చునే బెల్ హౌసింగు పక్క పిన్నులకు ప్రత్యేకమైన పానా కావాలి. మామూలు అలెన్ కీతో తంటాలు పడితే తల అరిగిపోయి పని మూడు రోజులవుతుంది.

పాత బేరింగును స్లైడ్ హామరుతో లాగాలి. కొత్తదానికోసం నంబరు పట్టుకుని బేరింగుల షాపుకు పోవద్దు. ఇది మామూలు బాల్ బేరింగు కాదు, ఇరుసు ఎటు వాలితే అటు వాలడానికి గుండ్రటి చట్రంలో కూర్చుని ఉంటుంది. చెన్నై నుంచి తెప్పించుకున్నా చట్రంతో సహా రావాలి. బిగించేటప్పుడు బయటి రింగుకున్న చీలిక గ్రీజు కంతకు ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోండి. నేను మొదట్లో ఒకసారి ఇది మరిచాను. బోటాయన ఆరు నెలలు శ్రద్ధగా గ్రీజు కొట్టాడు, ఒక్క చుక్క బేరింగుకు అందలేదు. నిపుల్ లేని సీల్డు రకానికి ఈ బాధ లేదు.

బెలోస్ కూర్చునే గాడి దగ్గర తొందర వద్దు. పాత జిగురు, తుప్పు, ఉప్పు పెచ్చులు వైరు బ్రష్షుతో గీకి, వేలు పెట్టి చుట్టూ తడిమితే నున్నగా తగలాలి. రబ్బరు సులువుగా ఎక్కుతుందని అంచుకు గ్రీజో సబ్బో రాస్తారు కొందరు. ఎక్కినంత సులువుగానే ఊడుతుంది. జిగురు ఏ అంచుకు రాయాలి, అసలు రాయాలా వద్దా అన్నది మీ మోడలు పుస్తకం ప్రకారమే. క్లాంపు స్క్రూ మళ్ళీ స్క్రూడ్రైవరు అందే వైపు ఉండాలి. క్లాంపు బిగించాక అద్దం పెట్టి అడుగు వైపు కూడా చూడండి, అంచు గాడిలో పడకుండా మడత పడేది ఎప్పుడూ అక్కడే.

తర్వాత అలైన్‌మెంట్, అంటే ఇంజనూ బేరింగూ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూడడం. కొత్త బేరింగును ఆరు నెలల్లో చంపేవాటిలో నీళ్ళ తర్వాత ఇదే. అలైన్‌మెంట్ బార్‌ను బేరింగులోంచి, ఇరుసును ఇంజనుకు కలిపే కప్లర్‌లోకి దూర్చండి. రెండు వేళ్ళతో తోస్తే పోవాలి. బలం చేయాల్సి వస్తే ఇంజను ముందు మౌంట్లు పైకో కిందికో సర్దాలి. బార్ కొసకు పలచగా గ్రీజు పూసి దూర్చి తీస్తే కప్లర్ పళ్ళ అచ్చు పడుతుంది. అచ్చు చుట్టూ సమానంగా ఉంటే సరిపోయింది, ఒక పక్కే లోతుగా ఉంటే ఇంకా వంకరే. డ్రైవు ఎక్కించేటప్పుడు ఇరుసు పళ్ళకు గ్రీజు, కొత్త ఓ రింగులు మరవొద్దు.

ఇంజను అరుస్తుంది, బోటు కదలదు

కాలిన రబ్బరు వాసన వస్తే కప్లర్ పోయుండొచ్చు, అంటే పాత అలైన్‌మెంట్ తప్పు. ఫ్యాను లోపలి రబ్బరు బుష్ జారినా ఇంతే. ఫ్యాను బుష్ మీదా దాని బయటి గుండు మీదా కలిసేట్టు ఒక గీత పెట్టి, బోటు తిప్పుకొచ్చి చూడండి. గీత విడిపోయి ఉంటే తప్పు ఫ్యానుది.

గేరాయిలు మజ్జిగలా తెల్లబడితే సీళ్ళలోంచి నీళ్ళెక్కాయి. ఆయిలు మార్చి ఊరుకుంటే కుదరదు, గాలి ప్రెజరు పెట్టి ఏ సీలు కారుతోందో పట్టాలి. కొత్త ఆయిలు కింది కంతలోంచి పైకి నింపాలి.

బెలోస్‌ను వోల్వో పెంటా రెండేళ్ళకోసారి మార్చమంటుంది. మన ఉప్పునీళ్ళలో, మన ఎండలో అంతకుమించి సాగదీయొద్దు. బోటు కట్టేసేటప్పుడు డ్రైవు దించి ఉంచండి. లేపి ఉంచితే రబ్బరు సాగి, మడతల మీద పగుళ్ళిస్తుంది. దించితే గుల్లలు పడతాయి గదా అంటారు, నిజమే. అందుకే నెలకోసారి గట్టెక్కించి చెక్కముక్కతో గీకించాలి, కత్తితో కాదు. పెద్ద పనులు వేట నిషేధం రోజులకు, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 మధ్యకు పెట్టుకోవద్దు. అప్పుడు తీరంలో ఉన్న మెకానిక్కులందరం వేట బోట్ల కిందే పడుకుని ఉంటాం.