సినిమా నుంచి సీరియల్‌కి వెళ్తున్న అసిస్టెంట్ డైరెక్టర్లకు

నాలుగేళ్లు సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేసి డైలీ సీరియల్‌కి వచ్చాను. మొదటి రోజు లంచ్ బ్రేక్‌కే ఆరు సీన్లు అయిపోయాయి. సినిమాలో ఆ టైముకి రెండు షాట్లు తీసి, మూడోదానికి లైటింగ్ అయ్యేదాకా కూర్చున్న రోజులున్నాయి. సీన్ పేపరు, క్లాపు, డబ్బింగ్, ప్యాకప్ అన్నీ ఇక్కడా అవే. మారేది టైము ఒక్కటే, దాంతో మన పని మొత్తం మారిపోతుంది.

లెక్క చూడండి. అరగంట స్లాట్‌లో యాడ్స్ పోగా సుమారు 22 నిమిషాల కథ కావాలి. వారానికి ఆరు ఎపిసోడ్లంటే 132 నిమిషాలు. దాదాపు ఒక సినిమా నిడివి, ప్రతి వారం.

అందుకే ఇక్కడ రెండు మూడు కెమెరాలు ఒకేసారి తిరుగుతాయి. సినిమాలోలా మాస్టర్ (సీన్ మొత్తం కనిపించే వైడ్ షాట్) తీసి, లైటింగ్ మార్చి, క్లోజప్‌కి వెళ్లే తీరిక ఉండదు. సెట్‌లోకి వెళ్లగానే ఏ కెమెరా ఫ్రేములోనూ పడకుండా, ఆర్టిస్టులకు వినపడేలా నిలబడే చోటు వెతుక్కోండి. ప్రాంప్టింగ్, అంటే షాట్ జరుగుతుండగా డైలాగులు చదివి అందించడం, చెప్పాల్సింది మీరే. కన్నడ నుంచి వచ్చిన ఆర్టిస్టులు చాలామంది మీ గొంతు వింటూనే నటిస్తారు. మీరు వాక్యం ఎక్కడ విరిస్తే వాళ్లూ అక్కడే ఆగుతారు. సీన్ పేపరు చేతికి రాగానే పక్కకు వెళ్లి రెండుసార్లు పైకి చదువుకోండి. నటన సగం మీ చదవడంలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

 

మీరు ప్రాణం పెట్టాల్సింది కంటిన్యూటీ మీద, అంటే ఒక షాట్‌లో ఉన్న బొట్టు, గాజులు, చీర తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేలా చూడటం మీద. సినిమాలో తప్పు దొరికితే ప్యాచ్ వర్క్‌కి (ఆ ముక్క మళ్లీ తీసి సరిచేయడానికి) రిలీజ్ దాకా టైముంటుంది. ఇక్కడ వచ్చే వారమే టెలికాస్ట్. అన్నిటికంటే కష్టం ఫ్రీజ్ షాట్. ఎపిసోడ్ చివర హీరోయిన్ ముఖం మీద ఆపుతాం, తర్వాతి ఎపిసోడ్ అక్కడి నుంచే మొదలవ్వాలి. కానీ ఆ రెండో ముక్క నాలుగు రోజుల తర్వాత తీయొచ్చు. ఒకసారి ఎర్ర బొట్టుతో ఫ్రీజ్ అయిన అమ్మాయి మర్నాటి ఎపిసోడ్‌లో మెరూన్ బొట్టుతో మాట్లాడింది. ఆ షాట్‌కి ఫొటో తీయనిది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఫ్రీజ్ తీయగానే ఆర్టిస్టును కదలనివ్వకుండా నాలుగు ఫొటోలు తీస్తాను: ముఖం, రెండు చేతుల గాజులు, పైట మడతలు, వెనకనుంచి జడ. ఎపిసోడ్ నంబరు, సీన్ నంబరు రాసిన కాగితం ఫ్రేములో పెడతాను. మళ్లీ ఆ సీన్ ఉన్న రోజు పొద్దున్నే వాటిని మేకప్‌కి, కాస్ట్యూమ్స్‌కి చూపించండి. ఆర్టిస్టు సెట్‌లోకి వచ్చాక చెప్తే చీర మార్చడానికే అరగంట పోతుంది.