లెన్స్ మార్చే ముందు ఆ ఎంఎం అంకె సంగతి చూడండి

కెమెరా కొన్న నెలకే చాలామందికి లెన్స్ మీద అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. తీరా చూస్తే తప్పు లెన్స్‌ది కాదు, నేను నిలబడ్డ చోటుది, వాడిన ఎంఎం అంకెది. లెన్స్ మీద ఉండే ఆ అంకెనే ఫోకల్ లెంగ్త్ అంటారు; అది పెరిగేకొద్దీ దృశ్యం తక్కువ పడుతుంది, దగ్గరగా కనిపిస్తుంది.

సమస్య: గదిలో మనుషులు ఫ్రేమ్‌లో పట్టడం లేదు

మేనకోడలి ఓణీల ఫంక్షన్‌కి కొత్త 50ఎంఎం లెన్స్ ఒక్కటే పట్టుకెళ్లాను, కెమెరాతో పాటు వచ్చిన 18-55 కిట్ లెన్స్ ఇంట్లోనే వదిలేసి. వెనక్కి జరిగి జరిగి వీపు బీరువాకి తగిలింది, అయినా ఫొటోలో అక్షింతలు వేస్తున్న అమ్మమ్మ చెయ్యి ఉంది, తల లేదు.

కారణం: మన కెమెరాల్లో ఎక్కువ వాటికి బొమ్మ పడే సెన్సర్ చిన్నది (ఏపీఎస్-సీ) ఉంటుంది. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాతో పోలిస్తే నికాన్, సోనీల్లో 1.5 రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు బిగుతుగా కనిపిస్తుంది, అంటే నా 50 కాస్తా 75 లాగా పనిచేసిందన్నమాట. లెక్క కూడా సులువే: సెన్సర్ వెడల్పును దూరంతో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 23.5 మి.మీ. సెన్సర్‌తో 10 అడుగుల దూరం నుంచి 50ఎంఎంలో 4.7 అడుగుల వెడల్పే పడుతుంది, అదే 18లో 13 అడుగులు.

పరిష్కారం: ఇంట్లో ఫంక్షన్లకి కిట్ లెన్సే పెట్టుకోండి. లావుగా ఉన్నవాళ్లని మాత్రం 18లో అంచున నిలబెట్టకండి, ఇంకా సాగిపోతారు, తర్వాత మాటలు పడేది మీరే.

సమస్య: ముక్కు పెద్దగా, చెవులు మాయం

కారణం: 18లో పెట్టి మొహం మీదికి వెళ్లారు. అడుగు దూరంలో నిలబడితే ముక్కు 30 సెం.మీ.లో, చెవులు 42లో ఉంటాయి, కాబట్టి ముక్కు చెవుల కంటే 1.4 రెట్లు పెద్దదిగా పడుతుంది. రెండు మీటర్లు వెనక్కి వెళ్తే ఆ తేడా దాదాపు పోతుంది. మొహం ఆకారం మార్చేది దూరం. లెన్స్ ఎంత కోసి చూపించాలో నిర్ణయిస్తుంది, అంతే.

పరిష్కారం: ఆరేడు అడుగులు వెనక్కి జరిగి 55కి జూమ్ చేయండి.

సమస్య: జూమ్ చేస్తే ఫొటో అలుక్కుపోతోంది

కారణం: జూమ్ పెరిగితే చేతి వణుకూ పెరిగి కనిపిస్తుంది. పైగా 18 దగ్గర ఎఫ్/3.5 (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, పెరిగితే వెలుతురు తగ్గుతుంది) ఉన్న కిట్ లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6కి పడిపోతుంది, వెలుతురు రెండున్నర రెట్లు తగ్గినట్టే.

పరిష్కారం: షట్టర్ వేగంలో (షట్టర్ తెరిచి ఉండే సమయం) కింది అంకె ఫోకల్ లెంగ్త్‌కి ఒకటిన్నర రెట్లన్నా ఉండాలి, 200ఎంఎంకి 1/320 సెకను. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచండి, నాయిస్ వస్తుందని టెన్షన్ వద్దు, అలుక్కుపోయిన ఫొటో కంటే గింజలు పడ్డ ఫొటో నయం. లెన్స్‌లో వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఉన్నా అది మీ వణుకునే ఆపుతుంది, పరిగెత్తే పిల్లాడిని ఆపదు.

సమస్య: పౌర్ణమి చంద్రుడు చుక్కలా వచ్చాడు

కారణం: 55ఎంఎంలో సెన్సర్ మీద చంద్రుడి సైజు అర మిల్లీమీటరే. 300 పెట్టినా మూడు మి.మీ. కూడా ఉండదు.

పరిష్కారం: చంద్రుడొక్కడే కావాలంటే తీసి క్రాప్ చేసుకోవాల్సిందే. నాకైతే గోపురంతో కలిపి తీయడమే ఇష్టం. చంద్రుడు ఉదయించే వేళకి గుడికి అర కిలోమీటరు దూరంలో ఏ పొలం గట్టు మీదో నిలబడి 300తో తీయండి. గోపురం చిన్నదవుతుంది, చంద్రుడు అంతే ఉంటాడు, పక్కపక్కన చూస్తే భలే పెద్దగా కనిపిస్తాడు.