పిట్టల కోసం పెరట్లో నీళ్లు పారించే ముందు

ఎండలు ముదరకముందే పళ్లెంలో చిన్న పంపు పెట్టి పక్షులకు నీళ్లు పారించాలనుకునేవాళ్లు ఇవి చూసుకోండి. నీటి చప్పుడు వింటే గింజల జోలికి రాని పిట్టలు కూడా దిగుతాయి, అందుకే ఈ శ్రమ.

కరెంటు: పంపు ఇంటి కరెంటుతో నడిచేదైతే, కరెంటు లీకవగానే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్ ఉండాల్సిందే. అది లేకుండా నీళ్లలో చెయ్యి పెడితే ప్రాణమే పోవచ్చు. సోలార్ పంపుతో ఈ టెన్షన్ ఉండదు.

లోతు: అంచు దగ్గర 1 సెం.మీ., మధ్యలో 5 సెం.మీ. దాటొద్దు. చిన్న పిట్ట అంచున వాలి, ముక్కు ముంచి చూసి, కాలు ఆనుతోందని నమ్మకం కుదిరాకే ఇంకో అడుగు లోపలికి వేస్తుంది. నున్నటి పళ్లెంలో కాలు జారితే బెదిరి ఎగిరిపోతుంది. రెండు మూడు గరుకు రాళ్లు వేయండి.

పిల్లి: అది నక్కే గుబురు పొదకు పళ్లెం 2, 3 మీటర్ల ఎడంగా ఉంచండి. రెక్కలు తడిసిన పిట్ట వేగంగా ఎగరలేదు.

కిటికీ: గాజు అద్దానికి ఎదురుగా వద్దు. అందులో కనిపించే ఆకాశాన్ని నిజమనుకుని గుద్దుకుంటాయి.

ధార: చుక్కలుగా పడినా చాలు. జోరుగా పెడితే నీళ్లు బయటికి చిమ్మి తగ్గిపోతాయి, పంపు ఎండి కాలిపోతుంది.

శుభ్రం: పారే నీళ్లే కదా అని వదిలేయొద్దు. రెట్టల వల్ల ఒక పిట్ట జబ్బు మిగతావాటికి అంటుకుంటుంది. 2, 3 రోజులకోసారి బ్రష్‌తో రుద్ది నీళ్లు మార్చండి. పాచికి మందులు మాత్రం వేయకండి, ఆ నీళ్లే అవి తాగేది.