రాత్రి ఒకటిన్నరకి ట్రేడ్ డెడ్‌లైన్: పుకార్లని వడకట్టుకోవడం ఎలా

ముందు టైము సంగతి. ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగు) ట్రేడ్ డెడ్‌లైన్, అంటే టీములు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి గడువు, అమెరికా తూర్పు తీరంలో గురువారం మధ్యాహ్నం 3 గంటలకి, అంటే మనకి గురువారం రాత్రి దాటి శుక్రవారం 1:30. తేదీ ఏటా కొంచెం మారుతుంది: 2023లో ఫిబ్రవరి 9, 2024లో 8, 2025లో 6. ఫోన్లో అలారం శుక్రవారానికి పెట్టుకోండి, మా రూమ్మేట్‌లాగా గురువారం మధ్యాహ్నం మూడింటికి లంచ్ మానేసి ఫోన్ చూస్తూ కూర్చోకండి. మారతహళ్లిలో మా పీజీ వైఫై పన్నెండు దాటితే నత్తనడక, కాబట్టి ఆ రాత్రికి మొబైల్ డేటా కొంచెం మిగిల్చుకోవాలి. శుక్రవారం పొద్దున్నే ఆఫీసు స్టాండప్ మీటింగ్ ఉంటే దాన్ని జరపమని బుధవారమే అడిగేయండి, కారణం చెప్పక్కర్లేదు.

ఆ రాత్రి ఎవరిని నమ్మాలన్నది రెండో సంగతి. ఎక్కువమందిని ఫాలో అయితే ఎక్కువ తెలుస్తుందనుకుంటాం, నిజానికి అయోమయమే ఎక్కువవుతుంది. ట్రేడ్ వార్తలు అందరికన్నా ముందు బయటపెట్టే విలేకరి ఏడ్రియన్ వోజ్నరోవ్‌స్కీ 2024 సెప్టెంబర్లో రిటైరయ్యాక ఈఎస్‌పీఎన్‌లో ఆ సీటు షామ్స్ చరానియాది, అతనితో పాటు మీ టీముని రోజూ కవర్ చేసే లోకల్ విలేకరులు ఇద్దరు చాలు. అకౌంట్ పేరుని మాత్రం ఒక్కో అక్షరం చదవండి, ఎందుకంటే అసలు పేరులో ఒక అక్షరం మార్చి, అదే ఫొటో పెట్టి, నవ్వులాటకి ట్రేడ్లు పుట్టించే అకౌంట్లు బోలెడున్నాయి. రెండేళ్ల కిందట అలాంటి ఒక పోస్టు చూసి రాత్రి పన్నెండున్నరకి గ్రూపులో "అయిపోయింది, కన్ఫర్మ్" అని కొట్టి, పైగా పందెం కూడా కట్టాను. ఆ వారం నలుగురికి బిర్యానీ నా ఖర్చే.

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క మాట. ఐపీఎల్‌లో 2023లో హార్దిక్ పాండ్యాని గుజరాత్ నుంచి ముంబై తెచ్చుకుంది కదా, దాన్ని బట్టి దీన్ని అంచనా వేయకండి. అక్కడ డబ్బిచ్చి ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు, ఆటగాడి ఒప్పుదల కూడా కావాలి. ఇక్కడ పెద్ద ఆటగాణ్ణి ఉత్త డబ్బుతో కొనేయడం కుదరదు, మామూలుగా ఎవరినో ఇచ్చి ఎవరినో తెచ్చుకోవాలి. ఆటగాణ్ణయితే చాలాసార్లు అడిగే పనే లేదు, అతనికీ మనలాగే ఫోన్లోనే తెలుస్తుంది.

ఇక అసలు పని లెక్క. పుకారు రాగానే ఎవరు రాశారని చూసేకన్నా ముందు, ఇది లెక్కకి నిలుస్తుందా అని చూడండి. జీతాలన్నీ స్పోట్రాక్ అనే సైట్లో దొరుకుతాయి, ఈఎస్‌పీఎన్ ట్రేడ్ మెషీన్లో రెండు టీములనీ పెట్టి నొక్కితే కుదురుతుందో లేదో అదే చెబుతుంది. అయినా ఒకసారి చేత్తో చేసి చూస్తే మజా వేరు. 2025 జనవరి అంతా జిమ్మీ బట్లర్ మయామీ వదిలి ఫీనిక్స్ వెళ్తున్నాడని ఒకటే గోల, అతనికీ అక్కడికే వెళ్లాలని ఉందన్నారు. బట్లర్ జీతం దాదాపు 4.88 కోట్ల డాలర్లు. టీము మొత్తం జీతాల మీద లీగు పెట్టిన సెకండ్ ఏప్రన్ అనే గీత ఆ సీజన్లో 18.89 కోట్ల దగ్గరుంది, ఫీనిక్స్ ఆ గీత దాటేసి ఎక్కడో ఉంది. లీగుకీ ఆటగాళ్ల యూనియన్‌కీ మధ్య కుదిరిన 2023 ఒప్పందం ప్రకారం ఆ గీత దాటిన టీము ఇద్దరు ముగ్గురి జీతాలు కలిపి ఒక పెద్ద జీతానికి సరిపెట్టకూడదు, ఇచ్చిన జీతం కంటే ఎక్కువ తెచ్చుకోనూ కూడదు. అంటే బట్లర్‌కి బదులు ఒక్కడే, అంత జీతం ఉన్నవాడు వెళ్లాలి. ఫీనిక్స్‌లో అలాంటివాళ్లు ముగ్గురే: డ్యూరాంట్, బుకర్, బీల్. బుకర్‌ని కదపరు, డ్యూరాంట్‌ని ఇచ్చి బట్లర్‌ని తెచ్చుకుంటే ఒరిగేదేముంది, కాబట్టి మిగిలింది 5.02 కోట్ల బీల్. అప్పటి అతని కాంట్రాక్టులో నో ట్రేడ్ క్లాజ్ ఉండేది, తను ఊ అంటే తప్ప ఎక్కడికీ పంపడానికి లేదు. లెక్క ఇంతవరకు వచ్చాక నెలరోజుల గోలంతా ఒక మనిషి ఊ అనడం దగ్గర ఆగిపోయిందని ఎవరికైనా తెలుస్తుంది. చివరికి బట్లర్ గోల్డెన్ స్టేట్ వెళ్లాడు, అటు నుంచి విగ్గిన్స్ మయామీ వచ్చాడు. మా గ్రూపులో ఫీనిక్స్ జెర్సీ ఫొటో డీపీ పెట్టుకున్నవాడు దాన్ని మూడు రోజులు తీయలేదు, అది వేరే విషయం.

సెకండ్ ఏప్రన్ కంటే కాస్త కిందుండే గీత ఫస్ట్ ఏప్రన్. దాని కింద ఉన్న టీములకి కొంచెం వెసులుబాటుంది, ఇచ్చిన దాని కంటే కొంత ఎక్కువ జీతం తెచ్చుకోవచ్చు. ఎంతన్నది జీతం సైజుని బట్టి మారుతుంది, అది బట్టీ పట్టకండి, మెషీన్ చూసుకుంటుంది.

లెక్క కుదిరిందనుకోండి, అప్పుడు వార్తలో క్రియ చూడండి. "ఆసక్తి చూపుతోంది" అంటే ఏమీ లేదు, లీగులో 30 టీములకీ మంచి ఆటగాళ్ల మీద ఆసక్తి ఉంటుంది. "మాట్లాడుకుంటున్నారు" అంటే ఫోన్ ఎత్తారు, అంతే. "ఫైనల్ చేస్తున్నారు" అంటే లేచి కూర్చోవచ్చు. "ట్రేడ్ చేసింది" అని పిక్కుల (డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాళ్లని ఎంచుకునే హక్కుల) వివరాలతో సహా వస్తే పక్కవాణ్ణి లేపండి.

ఆ తర్వాత అడగాల్సింది, ఈ మాట బయటికొస్తే లాభం ఎవరికి అని. సర్జాపూర్ రోడ్డు వైపు ప్లాటు చూడ్డానికి వెళ్లినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, "పొద్దున ఇంకో పార్టీ కూడా చూసెళ్లారు సార్" అన్న మాట వినని వాళ్లుండరు. "మూడు టీములు పోటీ పడుతున్నాయి" అని వస్తే అది సాధారణంగా అమ్మే టీము దగ్గర్నుంచో ఏజెంటు దగ్గర్నుంచో వచ్చిన మాట. "ధర మరీ ఎక్కువ చెబుతున్నారని వెనక్కి తగ్గారు" అని వస్తే కొనే వైపు నుంచి. రెండూ ఒకే రోజు వస్తే బేరం నిజంగానే నడుస్తోందని నేననుకుంటాను.

ఈ సూత్రాలన్నీ పనికిరాని రోజూ ఒకటుంది. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం, పొద్దున పదిన్నర దాటింది, ఇడ్లీ ప్లేటు చేతిలో ఉంది. స్టార్ ఆటగాడు లూకా డాన్‌చిచ్‌ని డల్లాస్ టీము లాస్ ఏంజెలస్ లేకర్స్‌కి ఇచ్చేసిందని, బదులుగా ఆంథనీ డేవిస్ వెళ్తున్నాడని చరానియా పెట్టాడు. ముందు రోజు వరకు దీని మీద గుసగుస కూడా లేదు. అకౌంట్ హ్యాక్ అయిందని లోకమంతా అనుకుంది, నేనూ అనుకున్నాను, చివరికి అతనే ఇది నిజమేనని మళ్లీ చెప్పాల్సి వచ్చింది. కానీ అప్పుడు కూడా లెక్క మాత్రం చెబుతోంది: ఇద్దరి జీతాలూ దాదాపు 4.3 కోట్ల డాలర్లే. నమ్మశక్యం కాని వార్త వచ్చినప్పుడు తిట్టుకునే ముందు జీతాలు చూడాలని ఆ రోజు నుంచి పెట్టుకున్నాను. అబద్ధం పుట్టించేవాళ్లు అంత ఓపిగ్గా జీతాలు సరిపెట్టరు.

పిక్కుల గురించి అందరూ తికమకపడతారు. ఏడేళ్ల ముందుకి మించి పిక్ ఇవ్వకూడదు, భవిష్యత్తులో వరసగా రెండేళ్లు ఫస్ట్ రౌండ్ పిక్ లేకుండా పోయేలా అమ్ముకోకూడదు. ఒకప్పటి క్లీవ్‌లాండ్ ఓనర్ టెడ్ స్టెపియన్ పిక్కులన్నీ ఇష్టమొచ్చినట్టు ఇచ్చేస్తుంటే తెచ్చిన రూలు, పేరు కూడా ఆయనదే. లేకర్స్ ఆ వారం చేసిన పని చూడండి, 2029 పిక్ డల్లాస్‌కి, 2031 పిక్ షార్లెట్‌కి, మధ్యలో 2030 ఇవ్వడానికి లేదు కాబట్టి దాని మీద షార్లెట్‌కి స్వాప్ హక్కు, అంటే తమ పిక్‌తో మార్చుకునే వీలు. వార్తలో వరస ఏళ్ల పిక్కులు కనిపిస్తే ఒకటికి రెండుసార్లు చదవండి.

ఆ షార్లెట్ ట్రేడే మరో ముఖ్యమైన పాఠం. డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్‌లతో పాటు ఆ పిక్కులిచ్చి మార్క్ విలియమ్స్ అనే సెంటర్‌ని (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగాటి ఆటగాణ్ణి) తెచ్చుకున్నారు, అందరూ గ్రేడ్లు కూడా వేసేశారు, తీరా డెడ్‌లైన్ అయిన రెండు రోజులకి అతను మెడికల్ టెస్టులో పాసవలేదని లేకర్స్ డీల్ రద్దు చేసింది. నెక్ట్ పాపం సూట్‌కేసుతో మళ్లీ వెనక్కి. అప్పటికి గడువు దాటిపోయింది, ఇంకో సెంటర్ కోసం ట్రేడ్ చేసే దారి లేదు. అందుకని పందేలు కట్టేవాళ్లు ఆ మెడికల్ టెస్టులు అయ్యే వరకు డబ్బులు చేతులు మారకుండా చూసుకోండి.

1:30 అవగానే పడుకోకండి. గడువులోపు లీగు ఆఫీసుకి చేరిన డీల్స్ కొన్ని తర్వాత పది ఇరవై నిమిషాలకి గానీ బయటికి రావు, నేను రెండింటి దాకా ఆగుతాను. ఆ టైముకి మా వీధి చివర సైకిల్ మీద ఫ్లాస్కులో టీ అమ్మే అతను ఉంటే అదృష్టం.

ఇంకో తేదీ కూడా రాసిపెట్టుకోండి, మార్చి 1. ఆలోపు పాత టీము వదిలేసినవాళ్లే కొత్త టీము తరఫున ప్లేఆఫ్స్ ఆడగలరు. కాబట్టి మీ టీముకి డెడ్‌లైన్లో ఏమీ దొరక్కపోతే ఇంకో మూడు వారాలు బైఅవుట్ (జీతంలో కొంత వదులుకుని కాంట్రాక్టు నుంచి బయటికి రావడం) పుకార్లుంటాయి. వాటికీ ఏప్రన్ గీతే చూడాలి, ఫస్ట్ ఏప్రన్ దాటిన టీములు పెద్ద జీతం నుంచి బయటికొచ్చినవాణ్ణి తీసుకోలేవు.