క్లాసులు పెంచేకొద్దీ బీఐసీ తగ్గుతూనే ఉందా? లేటెంట్ క్లాస్ మోడల్‌లో ముందుగా చూడవలసినవి

సమస్య

సర్వే జవాబుల తీరును బట్టి మనుషులను పైకి కనిపించని కొన్ని వర్గాలుగా, అంటే క్లాసులుగా విడదీసేదే లేటెంట్ క్లాస్ మోడల్. ఎన్ని క్లాసులు ఉండాలో ఎంచుకోవడానికి బీఐసీ అనే కొలమానం చూస్తాం, అది ఎంత తక్కువైతే అంత మంచిది. కానీ రెండు, మూడు, నాలుగు అంటూ క్లాసుల సంఖ్య పెంచుతూ పోతే ప్రతిసారీ బీఐసీ ఇంకొంచెం తగ్గుతుంది, ఎక్కడా మలుపు తిరగదు. లేదా మలుపు తిరిగినా, చివరగా వచ్చిన క్లాసు దాని పక్క క్లాసుకు నకలులా ఉండి, ఒకటి రెండు ప్రశ్నల దగ్గర మాత్రమే తేడా చూపుతుంది. చాలామంది ఈ దశలో ఆ కొత్త క్లాసుకు ఒక పేరు పెట్టి వ్యాసం రాయడం మొదలుపెడతారు. దయచేసి అక్కడ ఆగండి.

మొదటి తనిఖీ: ఒకే లైక్లీహుడ్ మళ్లీ మళ్లీ వస్తోందా?

ఇది అందరికీ తెలిసిన విషయమే, అయినా నా దగ్గరకు వచ్చే ఫైళ్లలో సగానికి పైగా ఈ తనిఖీ లేకుండానే వస్తాయి. లైక్లీహుడ్ అంటే మోడల్ డేటాకు ఎంత బాగా సరిపోతుందో చెప్పే విలువ. దాన్ని అంచెలంచెలుగా పెంచుకుంటూ పోయే ఈఎం పద్ధతిలో ఈ మోడళ్లను సాధారణంగా అంచనా వేస్తాం. ఆ పద్ధతి మొదలైన చోటికి దగ్గరగా ఉన్న శిఖరాన్ని ఎక్కి ఆగిపోతుంది, అంతకంటే ఎత్తైన శిఖరం పక్కనే ఉన్నా దానికి తెలియదు. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని పోఎల్‌సీఏ (poLCA) ప్యాకేజీలో ఎన్‌రెప్ (nrep, ఎన్నిసార్లు కొత్తగా మొదలుపెట్టాలో చెప్పే సంఖ్య) విలువ మీరు మార్చకపోతే అది ఒక్కటే, అంటే ఒకే ఒక యాదృచ్ఛిక ఆరంభం. దాన్ని కనీసం 50కి పెంచండి, నాలుగు క్లాసులు దాటితే ఇంకా ఎక్కువ ఇవ్వండి, ప్రతి ప్రయత్నంలో వచ్చిన లాగ్ లైక్లీహుడ్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. అత్యధిక విలువ అనేకసార్లు పునరావృతమైతేనే ముందుకు వెళ్లాలి. ఎంప్లస్ (Mplus) అనే మరో సాఫ్ట్‌వేర్ వాడేవారికి అత్యుత్తమ విలువ పునరావృతం కాలేదన్న హెచ్చరిక ఔట్‌పుట్‌లోనే కనిపిస్తుంది. దాన్ని దాటవేసి బీఐసీ పట్టిక తయారుచేయడంలో అర్థం లేదు. అలాగే, ఒకసారి మొదటిదిగా వచ్చిన క్లాసు మరోసారి మూడోదిగా వస్తే అది వేరే ఫలితం కాదు, సంఖ్యలు మాత్రమే తారుమారయ్యాయి.

అసలు కారణం: ఒకే మాటను రెండుసార్లు అడిగిన ప్రశ్నలు

లైక్లీహుడ్ స్థిరంగా వస్తున్నా క్లాసులు పెరుగుతూనే ఉంటే, నా అనుభవంలో కారణం దాదాపు ఎప్పుడూ స్థానిక స్వతంత్రత దెబ్బతినడమే. 1950లో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ ఈ మోడల్‌ను ప్రతిపాదించిన నాటి నుంచీ దీని పునాది ఒక్కటే: ఒక వ్యక్తి ఏ క్లాసుకు చెందినదీ తెలిస్తే, ఆ వ్యక్తి ఇచ్చిన జవాబుల మధ్య ఇక ఏ సంబంధమూ మిగలకూడదు. కానీ ప్రశ్నావళిలో రెండు ప్రశ్నలు అర్థంలో మరీ దగ్గరగా ఉంటే, క్లాసు తెలిసిన తర్వాత కూడా వాటి మధ్య సంబంధం మిగులుతుంది. ఆ మిగులును చెప్పడానికి మోడల్ చేతిలో ఉన్న సాధనం ఒక్కటే, ఇంకో క్లాసు. అందుకే అది ఆ రెండు ప్రశ్నల కోసమే ఒక క్లాసును సృష్టిస్తుంది. నమూనా పరిమాణం పెద్దదైతే చిన్న మిగులు కూడా కొత్త క్లాసును రప్పించగలదు.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. మానసిక కుంగుబాటు లక్షణాలపై అవును, కాదు జవాబుల సర్వే ఒకటి నా చేతికి వచ్చింది. అందులో "రాత్రి నిద్ర పట్టడం కష్టమవుతోందా", "మధ్యరాత్రి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదా" అన్న రెండు ప్రశ్నలు వరుసగా ఉన్నాయి. నాలుగో క్లాసులో దిగులు, ఆకలి, నీరసం, ఏకాగ్రత అన్నీ లక్షణాలు తక్కువగా ఉన్న క్లాసులోలాగే ఉండి, ఈ రెండు ప్రశ్నలకు మాత్రం దాదాపు అందరూ అవునన్నారు. దానికి "నిద్రలేమి వర్గం" అని పేరు పెట్టి రెండు పేరాలు రాశాను. ఆ తర్వాత ఒక సహోద్యోగి ప్రశ్నల జతల పట్టిక అడిగారు. ఆ రెండింటినీ ఒకే ప్రశ్నగా కలిపి మళ్లీ నడిపితే, బీఐసీ మూడు క్లాసుల దగ్గరే కనిష్ఠానికి చేరింది. నా వర్గం అసలు లేనే లేదు.

జతల పట్టికను ఎలా చదవాలో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూపిస్తాను. 1000 మందిలో ఒక ప్రశ్నకు 400 మంది, రెండో ప్రశ్నకు 400 మంది అవునన్నారనుకోండి. మోడల్ ప్రకారం రెండింటికీ అవుననేవారు 262, మొదటిదానికి మాత్రమే 138, రెండోదానికి మాత్రమే 138, రెండింటికీ కాదనేవారు 462. డేటాలో ఉన్నది మాత్రం వరుసగా 300, 100, 100, 500. ప్రతి గడిలో తేడా 38. ఆ తేడాల వర్గాలను అంచనా సంఖ్యలతో భాగించి కూడితే కై స్క్వేర్ (అంచనాకూ డేటాకూ ఎంత తేడా ఉందో చెప్పే కొలత) సుమారు 29.6 వస్తుంది. ఒక డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్‌కు (స్వేచ్ఛగా మారగల విలువల లెక్క) 3.84 దాటితేనే అనుమానించాలి కాబట్టి, ఇక్కడ సమస్య ఉందనడంలో సందేహమే లేదు. లేటెంట్ గోల్డ్ (Latent GOLD) అనే సాఫ్ట్‌వేర్ ఈ మిగులును తానే లెక్కగట్టి ఇస్తుంది. ఆర్‌లో పోఎల్‌సీఏ.టేబుల్ ఫంక్షన్‌తో ప్రతి జతకూ అంచనా సంఖ్యలు తీసుకుని అసలు పట్టికతో పోల్చుకోవాలి. పది ప్రశ్నలుంటే జతలు 45 మాత్రమే, ఒక్క లూప్ చాలు.

ఇదే రోగం మరో వేషంలోనూ వస్తుంది. "పొగాకు వాడతారా" అన్నదానికి కాదన్నవారిని తర్వాతి ప్రశ్న దాటించి, ఆ ఖాళీని డేటా ఎంట్రీలో "కాదు" అని నింపితే, ఆ రెండింటి మధ్య బంధం ప్రశ్నావళి నిర్మాణంలోనే పుట్టింది. కాబట్టి కోడ్ పుస్తకంతో పాటు ముద్రించిన ప్రశ్నావళిని కూడా ముందు పెట్టుకోండి.

పరిష్కారం

అతి పెద్ద మిగులున్న జతతో మొదలుపెట్టండి. ఆ ఒక్కదాన్ని సరిచేసి, మోడల్‌ను మళ్లీ నడిపి, పట్టికను కొత్తగా చూడండి. ఒకటి సరిచేస్తే తరచూ మిగతావి వాటంతటవే తగ్గుతాయి. 3.84 దాటిన ప్రతి జతకూ ఒకేసారి మరమ్మతు చేయబోతే మోడల్‌లో ఏమీ మిగలదు.

నాకు నచ్చే పద్ధతి, రెండు ప్రశ్నలను నాలుగు స్థాయిల ఒకే చరరాశిగా మార్చడం: రెండూ అవును, మొదటిదే అవును, రెండోదే అవును, రెండూ కాదు. ఇందులో సమాచారం ఏదీ పోదు కనుక, పాత మోడల్ బీఐసీతో కొత్తదాన్ని నేరుగా పోల్చవచ్చు. అదే "ఏదో ఒకటి అవును" అని రెండు స్థాయిలకు కుదించినా, ఒక ప్రశ్నను తీసేసినా డేటాయే మారిపోతుంది, ఆ రెండు బీఐసీలను పక్కపక్కన పెట్టకూడదు. ఈ పొరపాటును సమీక్షకు వచ్చిన రాతప్రతుల్లో కూడా చూశాను.

ఒక్కొక్క ప్రశ్న విలువ విడిగా కావలసినప్పుడు కలపడం కుదరదు. క్షయ నిర్ధారణలో ఒకే కఫం నమూనాపై మైక్రోస్కోపీ, కల్చర్ రెండూ చేస్తారు. నమూనాలో బ్యాక్టీరియా తక్కువగా ఉంటే రెండూ కలిసే విఫలమవుతాయి. దీన్ని పట్టించుకోకుండా మోడల్ వేస్తే, రెండు పరీక్షలకూ లేని సున్నితత్వం (రోగిని రోగిగా గుర్తించే సామర్థ్యం) ఉన్నట్టు తేలి, రోగులు తక్కువమందే ఉన్నట్టు కనిపించవచ్చు. అక్కడ వ్యాధి ఉన్న క్లాసులోనే ఆ రెండు పరీక్షల మధ్య ప్రత్యక్ష సంబంధాన్ని అనుమతించాలి. పోఎల్‌సీఏలో ఆ వీలు లేదు, ఎంప్లస్, లేటెంట్ గోల్డ్‌లలో ఉంది.

అరుదైనవి

నాలుగు అవును, కాదు ప్రశ్నలతో మూడు క్లాసులు అడగకండి. డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్ ఒకటి మిగిలినట్టు కనిపించినా ఆ మోడల్‌కు ఏకైక పరిష్కారం ఉండదని 1974లోనే గణాంకవేత్త లియో గుడ్‌మన్ చూపించారు. ఏదైనా సంభావ్యత సరిగ్గా 0 లేదా 1 దగ్గర ఇరుక్కుంటే, ఆ విలువకు ప్రామాణిక దోషాన్ని నమ్మకండి, మిగతా ఫలితాలను చదువుకోవచ్చు. పోఎల్‌సీఏ విలువలు 1 నుంచి మొదలుకావాలని పట్టుబడుతుంది, 0, 1గా ఉన్న డేటాకు ఒకటి కలిపితే సరిపోతుంది.