ఉష్ణమండల దీవికి వెళ్తున్నారా? అక్కడి ప్రకృతిని తనివితీరా చూడటం ఎలా?

దీవికి వెళ్లొచ్చినవాళ్ల ఫోన్లు తీసి చూడండి. వంగిన కొబ్బరిచెట్టు, నీలం నీళ్లు, అస్తమించే సూర్యుడు. ఎవరి ఫోన్‌లో చూసినా ఇవే. అందరూ ఒకే వేళకు నిద్ర లేచి, ఒకే వేళకు ఒడ్డుకు చేరితే వేరే ఫొటోలు ఎక్కణ్నుంచి వస్తాయి? దీవిలో మన గడియారం పెద్దగా పనికిరాదు. అక్కడ పెత్తనమంతా గాలిది, ఎండది, పోటుపాట్లది. వాటిని బట్టి రోజును అమర్చుకుంటే నాలుగు రోజుల్లోనే బోలెడంత చూడొచ్చు.

1. బస ఏ వైపో ముందే తేల్చుకోండి

ఉష్ణమండల సముద్రాల మీద వ్యాపార పవనాలు దాదాపు ఒకే దిక్కు నుంచి వీస్తాయి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఈశాన్యం నుంచి, దక్షిణాన ఆగ్నేయం నుంచి. దీవిలో కొండలుంటే గాలికి ఎదురుగా ఉన్న వైపు మబ్బులు ఆగి కురుస్తాయి, కొండ చాటున ఉన్న వైపు ఎండ కాస్తుంది. హవాయి పెద్ద దీవినే తీసుకోండి. తూర్పున ఉన్న హీలోలో ఏటా 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అదే దీవి పడమటి తీరంలో కొన్నిచోట్ల 300 కూడా దాటదు.

జలపాతాలు, దట్టమైన అడవి కావాలంటే తడి వైపు ఉండండి. ఈత, స్నోర్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని, గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి అడుగు చూడటం) కోసమైతే గాలి మరుగు వైపు మేలు. రుతుపవనాలు వచ్చే ప్రాంతాల్లో గాలి ఏడాదికి రెండుసార్లు దిక్కు మార్చుకుంటుంది కాబట్టి, మీరు వెళ్లే నెలలో ఏ తీరం ప్రశాంతంగా ఉంటుందో అడిగి మరీ గది తీసుకోండి. గదిలోంచి సముద్రం కనిపిస్తుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

2. పోటుపాట్ల పట్టిక దగ్గర పెట్టుకోండి

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ్టి వేళకూ రేపటి వేళకూ సుమారు 50 నిమిషాల తేడా ఉంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా పైకి వచ్చి, అంతే దూరం వెనక్కి పోతాయి. అష్టమి నాటికి ఆ తేడా తగ్గిపోతుంది.

నీళ్లు అట్టడుగుకు చేరడానికి ఒక గంట ముందు రాళ్ల తీరానికి వెళ్లండి. గుంటల్లో నిలిచిన నీళ్ల దగ్గర కూర్చుని, మీ నీడ నీటి మీద పడకుండా చూసుకోండి. మొదటి నిమిషం ఏమీ కనిపించదు. తర్వాత రాయి అనుకున్నది నడుస్తుంది, పాచి అనుకున్నది కళ్లు తెరుస్తుంది. నీళ్లు తిరిగి రావడం మొదలవగానే లేచి వచ్చేయండి. ముందుగా మునిగేది మీరు వచ్చిన దారే కావచ్చు.

3. పొద్దున్నే నీళ్లలోకి దిగండి

సాధారణంగా మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుని నీళ్లు కలగిపోతాయి. అందుకే స్నోర్కెలింగ్‌కు పొద్దున తొమ్మిది, పదకొండు మధ్య సమయం నాకు నచ్చుతుంది. వెలుతురు కావలసినంత ఉంటుంది, అలలు తక్కువ.

మాస్క్ సరిపోయిందో లేదో ఒడ్డునే చూసుకోవచ్చు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చేయి తీసినా మాస్క్ పడిపోకపోతే అది మీదే. మొదట నడుము లోతులో నిలబడి, ముఖం ముంచి, గొట్టంతో ఊపిరి తీసుకోవడం అలవాటు చేసుకోండి. ఈత అంతగా రానివాళ్లు లైఫ్ జాకెట్ వేసుకోవాలి, పక్కన ఇంకొకరు ఉండాలి. ఇందులో మొహమాటం వద్దు.

పగడపు దిబ్బ మీదికి చేరాక చాలామంది చేసే పొరపాటు గబగబా ఈదడం. ఒక్కచోట ఐదు నిమిషాలు కదలకుండా తేలండి. దాక్కున్న చేపలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. చెవి పెట్టి వింటే కొరుకుతున్న చప్పుడు కూడా వినిపిస్తుంది. అది చిలుకచేప పని. పగడపు రాయి మీది నాచు కోసం రాయినే కొరికి, కడుపులో పిండి చేసి ఇసుకగా విసర్జిస్తుంది. పెద్ద చిలుకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక తయారు చేయగలదు. పగడపు దీవుల్లో మనం పట్టుబట్టలా ఉందని మురిసిపోయే తెల్లటి ఇసుకలో చాలా భాగం దాని కడుపులోంచి వచ్చిందే!

కొన్ని మీటర్ల లోతుకే ఎరుపు రంగును నీళ్లు మింగేస్తాయి. అందుకే కంటికి నచ్చిన దృశ్యం ఫొటోలో నీలంగా మిగులుతుంది. కెమెరా పక్కన పెడితే నష్టమేమీ లేదు.

ఏ పగడం మీదా నిలబడకండి. బండరాయిలా గుండ్రంగా ఉండే పగడాలు ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు. మీ కాలి దెబ్బకు విరిగే ముక్క వెనక ఎన్నేళ్లున్నాయో లెక్క వేసుకోండి. మీ కాళ్లకూ అది మంచిది కాదు. స్టోన్‌ఫిష్ అచ్చం రాయిలా పడి ఉంటుంది, వీపు మీద విషపు ముళ్లుంటాయి. చక్కటి రంగుల గవ్వలా కనిపించే కోన్ నత్త విషం మనిషి ప్రాణం తీయగలదు.

ఒడ్డున అలలు వరసగా విరుగుతూ, మధ్యలో ఒక సందులో మాత్రం విరగకుండా ఉంటే, ఈతకు అదే అనువైన చోటు అనిపిస్తుంది. నీళ్లు లోపలికి లాక్కెళ్లే రిప్ కరెంట్ ఉండేది తరచుగా అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరగండి.

4. సన్‌స్క్రీన్ కన్నా చొక్కా నయం

పొడవు చేతుల ఈత చొక్కా వేసుకుంటే వీపు కాలదు, పూసుకోవలసింది సగానికి తగ్గుతుంది. మిగిలిన చోట జింక్ ఆక్సైడ్ ఉన్నది రాయండి. ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో అవి కలిసిన సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని పలావు దేశం 2020లో, హవాయి 2021లో నిషేధించాయి.

5. కొండ, అడవి ఉంటే

తెల్లవారుజామునే ఎక్కండి. ఎండకు నేల కాగేకొద్దీ తేమ గాలి పైకి లేచి, మధ్యాహ్నానికి శిఖరం మబ్బులో మునిగిపోతుంది. కరీబియన్ తీరాల్లో అయితే మాంచినీల్ చెట్టు ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి. వానకు దాని కింద నిలబడితే కారే నీళ్లకే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. కాయ తినడం మరీ ప్రమాదం.

6. చీకటి పడ్డాక గదిలోకి పరుగెత్తకండి

భూమధ్యరేఖ దగ్గర సూర్యుడు దాదాపు నిలువుగా దిగుతాడు. సంధ్య వెలుగు చూస్తుండగానే కరిగిపోతుంది, కాబట్టి వెనక్కి వచ్చే దారిలో వాడటానికి టార్చి ముందే జేబులో పెట్టుకోండి. ఫొటో తీసుకున్న జనం వెళ్లిపోయాక, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఇరవై నిమిషాలు ఆగండి. అమావాస్య దగ్గరి రోజులైతే మరీ మంచిది. కొన్ని తీరాల్లో, కొన్ని కాలాల్లో, అలలు విరిగినచోట నీలి వెలుగు మెరుస్తుంది. కదిలిస్తే వెలిగే ఏకకణ జీవులవి. తడి ఇసుక మీద కాలు వేస్తే అడుగు చుట్టూ నక్షత్రాలు చిమ్మినట్టుంటుంది. రోజూ కనిపించవు. కనిపించిన రోజు అదృష్టం మీది.

సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమైతే అనుమతి ఉన్న గైడ్‌తోనే వెళ్లండి. తెల్ల లైటు, ఫ్లాష్ వద్దు, తాబేలుకు ఎదురుగా నడవొద్దు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు ఎటుంటే అటు పోతాయి. మీ గది దీపమే వాటికి సముద్రంలా తోచవచ్చు కాబట్టి పరదాలు మూసేయండి.

7. బయల్దేరే ముందు

ఏరుకున్న గవ్వలు, పగడపు ముక్కలు తీరంలోనే వదిలేయండి. చాలాచోట్ల వాటిని పట్టుకెళ్లడం నేరం కూడా. ఖాళీ అనుకుని ఒకసారి నేను జేబులో వేసుకున్న శంఖం, గదికి చేరాక బల్ల మీద నడవడం మొదలుపెట్టింది. లోపల పీత కాపురముంది. రాత్రి పదింటికి టార్చి వేసుకుని, తీసిన చోటే దాన్ని దింపి వచ్చాను.